కస్తూరి టీచరు తెచ్చిన సముద్రం

పోయిన నెలలో నా మనవరాలి బడివాళ్లు ఒకటో తరగతి పిల్లలకు సముద్రం చూపించడానికి తీసుకుపోతూ, ఇష్టమున్న పెద్దవాళ్లు ఒకరిద్దరు తోడు రావచ్చునంటే నేను బయలుదేరాను. ఇష్టంతో కాదు, నమ్మకం లేక. మదనపల్లెలో బస్సు ఎక్కకముందే డ్రైవరు దగ్గరగా నిలబడి పలకరించి, నోటి వాసన చూశాను. వెనక తలుపుకు గడియ గట్టిగా ఉందో లేదో లాగి చూశాను. ఆయాలను ఒక్కొక్కరినీ ఏ ఊరని అడిగాను. నా కూతురు భాగ్య దూరం నుంచి ఇదంతా చూసి తల కొట్టుకుంది. "అమ్మా, బస్సులో కెమెరా ఉండాది. యాడ పోతాందో నా ఫోన్లో కనిపిస్తాది. నువ్వు పోలీసు మాదిరి చేస్తే వాళ్లేమనుకుంటారు?" అంది. వాళ్లేమనుకుంటే నాకేం? కెమెరాలో కనిపించేది కనిపిస్తుంది, కనిపించనిది కనిపించదు. భాగ్య కూడా రావచ్చు గానీ రాలేదు. దానికి నీళ్లంటే భయం.

ఒడ్డున టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు మైకులో పిల్లలకు అన్నీ చూపించాడు. ఒకచోట ఇసుకలోంచి చిన్న శంఖాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని దాని ఇంగ్లీషు పేరు చెప్పి, అందరిచేత రెండుసార్లు అనిపించాడు. పిల్లలు కేకలు పెట్టారు, టీచర్లు ఫోన్లు ఎత్తారు. అతను దాన్ని కింద పడేసి ముందుకు పోయాడు, పిల్లలు వెంట పరిగెత్తారు. నేను మాత్రం అక్కడే నిలబడ్డాను. కాసేపటికి ఆ శంఖం అంచు కింద నుంచి సన్నని కాళ్లు బయటికి వచ్చాయి. శంఖం లేచి నడిచింది. నేను ఇసుకలో కూలబడ్డాను. ఒక ఆయా పరిగెత్తుకొచ్చి "ఏమవ్వా, కళ్లు తిరగతాండాయా?" అని అడిగింది. అవునన్నాను. నిజం చెప్పాలంటే చాలా పొద్దు పడుతుంది.

అటువంటి దాన్ని నేను మొదటిసారి చూసింది సముద్రపు ఒడ్డున కాదు. పుంగనూరు దగ్గర, మా అత్తగారింటి వసారా గదిలో, వెడల్పాటి మట్టి తొట్టిలో.

నా పుట్టిల్లు కుప్పం అవతల. మూడు భాషలు ఒకే సంతలో వినిపించే చోటు. ఎనిమిదో తరగతి చదివి, పెళ్లయి, పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దోవకు లోపలగా ఉన్న పల్లెకు కాపురానికి వచ్చాను. ఆవులు, గొర్రెలు, వాన పడితే చెనక్కాయ. తెల్లవారితే పేడ వాసన, పొయ్యి మీద సంగటి వాసన, మధ్యాహ్నమైతే కాలిన నేల వాసన. మా ఆయన మదనపల్లెలో టమోటా మండీలో పనిచేస్తూ ఆదివారానికి ఒకసారి వచ్చేవాడు. మామ లేడు. ఇల్లంతా మా అత్త నంజమ్మది. ఆమె పాలు పితికిన వెంటనే చెంబును ముక్కు దగ్గర పెట్టుకునేది, పితికింది తనే అయినా సరే. అంగడి ఉప్పును నాలుక కొస మీద వేసుకుని కళ్లు మూసుకునేది. నెయ్యి కుండ మూతిని గుడ్డతో కట్టి, ఆమెకు తప్ప ఎవరికీ రాని ముడి వేసేది. ఇంటికి ఎవరైనా వస్తే మొదట కాళ్లు చూసేది. అంటిన మట్టి రంగును బట్టి వాళ్లు చెప్పిన దోవలో వచ్చారో లేదో తేల్చేది. "నమ్మి చెడినవారు లేరు" అని లోకమంతా చెప్పుకునే సామెతను ఆమె తిరగేసి, "నమ్మక చెడినోళ్లు యాడుండారే?" అనేది. ఆమెను తప్పు పట్టలేను. మబ్బు నమ్మించి పోయేది. నీళ్లు పడతాయని బోరు పాయింటు చూపించేవాడు నమ్మించి పోయేవాడు. గొర్రెల దళారీ సరేసరి. ఆ నేల మీద బతికినవాళ్లకు అనుమానం వానకోటు లాంటిది. నేను ఆ ఇంట్లో వంట నేర్చుకున్నట్టే అనుమానమూ నేర్చుకున్నాను.

అటువంటి ఇంటికి కస్తూరి టీచరు అద్దెకు వచ్చింది. మదనపల్లెలో ఉండే ఒక సేవా సంస్థవాళ్లు మా పల్లెలో బాలవాడి పెట్టి ఆమెను పంపించారు. మా ఆయన వసారా గది ఇస్తానని మండీలోనే మాట ఇచ్చేసి వచ్చాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దది, సన్నగా, నల్లగా, ఎప్పుడూ జడ చివర తడిగా ఉన్నట్టుండేది. ఊరు పులికాటు సరస్సు అవతల, ఇంట్లో అందరూ చేపలు పట్టేవాళ్లు. మా అత్త ఆమె కాళ్లు చూసింది గానీ ఏమీ తేల్చుకోలేకపోయింది. ఆ పాదాలకు అంటిన ఇసుక మా దిక్కుది కాదు. "పెండ్లి కాని ఆడది ఇంత దూరం ఒంటిగా యాల వచ్చినాది? ఈ సముద్రాన్ని ఎవురు సూసినారు, ఎవురు సాక్షి? రత్నా, కనిపెట్టుకోని ఉండు" అని నాతో చెప్పింది. ఉన్నాను. ఆమె ఎప్పుడు లేస్తుంది, ఎవరికి ఉత్తరం రాస్తుంది, మంచం కింది రేకు పెట్టెలో ఏముంది, అన్నీ కనిపెట్టాను. పెట్టెలోంచి ఎండుచేపల వాసన లాంటిది, అయినా కచ్చితంగా అది కాని వాసన ఒకటి వచ్చేది. నాకు అదే పెద్ద అనుమానం.

పెట్టెలో శంఖాలు, గవ్వలు, ఎండిన పీత డిప్పలు, ముళ్లు రాలిపోయిన గుండ్రటి పెంకులు ఉండేవి. మా బాలవాడిలో నాలుగైదేళ్ల పిల్లలు పన్నెండు మంది. వాళ్లలో చెరువు నిండగా చూసినవాడే తక్కువ. ఆమె వాళ్ల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కొక్క పెంకును చేతికిచ్చి, "ఇది ఒకరి ఇల్లు. ఎవురిల్లో చెప్పండి" అనేది. తాబేలు ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెట్టి ఎట్లా పూడ్చిపోతుందో చేతుల్తో చేసి చూపించేది. సముద్రం దగ్గర రెండే రెండు కట్టుబాట్లు అని నేర్పింది. నువ్వు చూసేదాని మీద నీ నీడ పడకూడదు. ఎత్తి చూసిన దాన్ని ఎక్కడ తీసినావో అక్కడే, ఎట్లా ఉందో అట్లానే పెట్టాలి. సముద్రం లేదు కాబట్టి పిల్లలు ఈ రెండింటినీ మా గుట్టల్లో పాటించారు. బండరాయి కింద తేలుపిల్ల ఉందేమో చూసి, మళ్లీ రాయిని అదే అచ్చులో పెట్టి వచ్చేవాళ్లు. మా అత్త అది చూసి గుండె పట్టుకుంది. "ఏందో పాతిపెట్టి వస్తాండారే పిలకాయలు!" అని పోయి రాళ్లన్నీ తిరగేసి చూసింది. ఇంకొకరోజు భాగ్య చీమల పుట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఎంతసేపటికీ కదలకపోతే దయ్యం పట్టిందని వేపమండలు తెచ్చింది. "అవ్వా, నీ నీడ పడతాంది, జరుగు" అంది నాలుగేళ్ల నా బిడ్డ.

ఒకసారి ఊరికి పోయి తిరిగి వచ్చేటప్పుడు కస్తూరి తడిగోనె చుట్టిన కుండ ఒకటి ఒళ్లో పెట్టుకుని బస్సు దిగింది. తొట్టిలో ఇసుక పోసి, ఒక పక్క సీసాలో తెచ్చిన సముద్రపు నీళ్లను కొబ్బరిచిప్పలో పెట్టి, కుండలోంచి మూడు శంఖాలను తీసి ఇసుక మీద ఉంచింది. సాయంత్రం పిల్లలను పిలిచింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, మా అత్త నా వెనక. "మెల్లగా ఊపిరి తీసుకోండి. మనల్ని అది చెట్లనుకోవాల" అంది కస్తూరి. పన్నెండు మంది పిల్లలు చెట్లయిపోయారు. చాలాసేపటి తర్వాత ఒక శంఖం కదిలింది. ఆవగింజలంత కళ్లు బయటికి పొడుచుకువచ్చాయి, తర్వాత కాళ్లు, తర్వాత ఎర్రటి కొండి ఒకటి. శంఖాన్ని ఈడ్చుకుంటూ అది భాగ్య వైపు నడిచింది. మా అత్త నా భుజాన్ని గోళ్లు దిగేలా పట్టుకుంది.

"శంఖం నడస్తాందే! ఇది సేతబడి కాకుండా ఏంది?"

"చేతబడి కాదమ్మా," అంది కస్తూరి తల తిప్పకుండానే. "శంఖం దాని సొంతం కాదు. అందులో ఉండిన నత్త చచ్చిపోతే ఈ పీత వచ్చి కాపురం పెట్టింది. పెరిగే కొద్దీ ఇంకో ఇల్లు చూసుకుంటాది. నేను మీ ఇంట్లో ఉండాను కదా, అట్లే."

ఆమె నవ్వుతూ అన్న మాట అత్తకు ఇంకో రకంగా తగిలింది. సొంతదారు చచ్చిపోతే వచ్చి దూరేది! ఆ వారమంతా నెయ్యి కుండకు రెండు ముడులు పడ్డాయి.

నాకు తగిలింది వేరే. పీతను మా వైపు ఎండ్రకాయ అంటాం. భాగ్య పీత అనడం మొదలుపెట్టింది. నా పక్కన పడుకునేది, వసారా గదిలో చాప వేయమని ఏడ్చింది. ఒకరోజు నేను సంగటి ముద్ద నోటి దగ్గర పెడితే ముఖం తిప్పుకుని, "టీచరు పెడతాది. నీ చేతికి సముద్రం వాసన లేదు" అంది. పిల్ల మాట అని నవ్వేసి ఉండవచ్చు. నాకు ఇరవై రెండేళ్లు, నాకంటూ ఉన్నది ఆ పిల్ల ఒక్కటే. నవ్వలేకపోయాను. ఇంటి అనుమానం అంతవరకు నాకు అప్పజెప్పిన పని. ఆ రోజు నుంచి నా సొంతమైంది.

తర్వాత కొన్నాళ్లకు సంస్థవాళ్లు వ్యాను ఇస్తామన్నారని, పిల్లలను మూడు రోజులు తన ఊరికి తీసుకుపోయి నిజమైన సముద్రం చూపిస్తానని, తోడుగా ఇద్దరు తల్లులు రావచ్చునని కస్తూరి చెప్పింది. ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేయాలి. అంతే, పల్లె బిగుసుకుపోయింది. అది పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని రోజుకొక పుకారు పుట్టే కాలం. వేలిముద్రలు తీసుకుని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తారని ఒకరు, చేలు రాయించుకుంటారని ఒకరు. కస్తూరి నా దగ్గరికి వచ్చి, "నువ్వు రా రత్నమ్మా. నువ్వొస్తే నలుగురూ నమ్ముతారు" అంది. లోపల ఎక్కడో పోవాలనే ఉంది. "అత్తనడగాల" అన్నాను. అడగలేదు.

సంత రోజున కస్తూరి పుంగనూరు పోయింది. పెట్టె తాళంచెవి అద్దం వెనక ఉంటుందని నాకు తెలుసు. భాగ్య గవ్వలు అడిగితే తీసి ఇమ్మని ఆమే చూపించింది. "ఈపొద్దు సూడాల్సిందే. నాకు సదువు రాదు, నువ్వు సూడు" అంది అత్త, వీధి వాకిట్లో కాపలా కూర్చుంటూ. పెట్టె తీశాను. గుడ్డల్లో చుట్టిన శంఖాలను ఒక్కొక్కటీ విప్పి పక్కన పెట్టాను. అడుగున నోటుబుక్కు. పిల్లలకు అక్షరాలు దిద్దించే గుండ్రటి చేతిరాత. పేజీకి ఒక పిల్లవాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, బరువు, కింద నాలుగు మాటలు. ఒకడికి బస్సులో వాంతి అవుతుంది, ముందు సీటు ఇవ్వాలి. ఒకతికి అమ్మ కొంగు ముక్క చేతిలో ఉంటేనే నిద్ర, మరవకుండా తేవాలి. భాగ్య పేజీ దగ్గర ఆగాను. "నీళ్లంటే భయం లేదు. ముందుగా పరిగెత్తేది ఇదే. చెయ్యి వదలకూడదు" అని ఉంది. ఆ కింద ఇంకా చాలా రాసి ఉంది. అత్త దగ్గింది. నోటుబుక్కు మూసి, గబగబా శంఖాలు చుట్టి పెట్టెలో పెట్టేశాను.

"ఏముండాది?" అంది అత్త.

"పిలకాయల పేర్లన్నీ రాసుకోనుండాది అత్తా. అమ్మా నాయన పేర్లు, ఎంత బరువో కూడా."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మిగతాది చెప్పలేదు, అంతే. ఎందుకు చెప్పలేదో ఆ క్షణంలోనే నాకు తెలుసు. చెప్పి ఉంటే అత్త చల్లబడేది, వ్యాను వచ్చేది, నా బిడ్డ ఆమె చెయ్యి పట్టుకుని నేను ఎన్నడూ చూడని నీళ్లలోకి పరిగెత్తేది.

మాట బోరింగు దగ్గరికి పోయి సాయంత్రం పాల కేంద్రానికి చేరేసరికి పిల్లల బరువుకు లెక్కగట్టి అమ్ముతారని అయింది. పాలు పోసే క్యాన్ల మధ్య ఊరంతా మూగింది. కస్తూరి సంత సంచితోనే వచ్చి నిలబడింది. ఊరికి పెద్ద కిష్టప్ప ముసలాయన అయినా మాట సూటిగా ఉండే మనిషి. ఆయన మా అత్తను అడిగాడు.

"నంజమ్మా, నీకు అచ్చరం రాదు గదా. పేర్లు రాసుకోనుండాదని నీకెట్ట తెలిసింది?"

అత్త నా వైపు చూసింది. అందరూ నా వైపు చూశారు. కస్తూరి కూడా చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ ఉంది. గబగబా గదికి పోయి నోటుబుక్కు తెచ్చి కిష్టప్ప చేతిలో పెట్టింది. "నేను చదివితే నమ్మరు. మీలో ఎవురైనా చదవండి పెద్దాయనా" అంది. కిష్టప్ప చుట్టూ చూశాడు. పాల కేంద్రం సెక్రెటరీకి లీటర్లు రాయడం వరకే వచ్చు. చదువుకున్న మగపిల్లలు పనులకు పోయి ఉన్నారు.

"రత్నమ్మ ఎనిమిది సదివినాది. సదువమ్మా, అందరూ ఇంటారు" అని నోటుబుక్కు నాకిచ్చాడు.

తెరిచాను. కొంగు ముక్క పేజీ వచ్చింది. ఆ పిల్ల తల్లి ఎదురుగానే నిలబడి ఉంది. నేను ఒక్క వాక్యం చదివితే చాలు. అత్త చెంగును నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. భాగ్య కస్తూరి పక్కన, ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి ఉంది. నా దగ్గర కాదు, ఆమె దగ్గర.

"పేర్లు మాత్రం తెలస్తాండాయి తాతా," అన్నాను. "మిగతాది గొలుసుకట్టు రాత. నాకు చదవను రాలేదు."

నోటుబుక్కు వెనక్కి ఇచ్చేశాను. కస్తూరి దాన్ని తీసుకుని మూసింది. మరుసటి రోజు బాలవాడికి ఒక్క పిల్లా పోలేదు. ఆ మరుసటి రోజు ఆమె పెట్టె సర్దుకుంది. మా ఆయన వచ్చేదాకా ఆగమని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. అత్త చూడకుండా రోడ్డు దాకా కుండ మోసుకుపోయాను. బస్సు కోసం నిలబడినప్పుడు ఆమె అడిగింది.

"శంఖాలన్నీ తిరగేసి చుట్టినావు. అప్పుడే తెలిసింది. నోటుబుక్కు చదివినావా రత్నమ్మా?"

"చదివినా."

"అంతా చదివినావా?"

బస్సు వచ్చింది. నేను కుండ అందించాను. ఆమె జవాబు కోసం మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, లోపలికి పోయింది.

భాగ్య వారం రోజులు టీచరు కావాలని, సముద్రం పోదామని ఏడ్చింది. ఏడుపు ఆపడానికి అత్త అన్నం పెట్టేటప్పుడల్లా "సముద్రం పిలకాయల్ని మింగేస్తాది, వద్దు" అని చెప్పేది. నేను అడ్డు చెప్పలేదు. ముద్ద ముద్దకూ ఆ మాట మింగి నా బిడ్డ పెరిగింది. ఇప్పుడు కరెంటాఫీసులో ఉద్యోగం, మదనపల్లెలో సొంత ఇల్లు, దేనికీ జంకదు. చెరువు కట్ట మీద నడిచేటప్పుడు మాత్రం నీళ్లకు అవతలి అంచునే నడుస్తుంది. పదేళ్ల వయసులో ఒకసారి, "శంఖం నడస్తా నా దగ్గరికి వచ్చినట్టు గుర్తుండాది, నిజమా?" అని అడిగింది. కలగన్నావేమోనన్నాను. అత్త పోయేదాకా ఊరిని కాపాడింది తనేనని నమ్మింది. సంస్థవాళ్లు మళ్లీ మా పల్లెకు ఎవరినీ పంపలేదు. కస్తూరి ఎక్కడుందో నాకు తెలియదు. వెతకలేదు.

ఈ కాలం పిల్లల బడికి మేము ఎన్ని కాగితాలు ఇస్తామో లెక్కలేదు. పేరు, బరువు, రక్తం గ్రూపు, వేలిముద్ర, ఫోటో. ఎవరూ ఎందుకని అడగరు. భాగ్య ఆ సముద్రం కాగితం మీద నిలబడే సంతకం చేసింది, ఏముందో చూడలేదు. అప్పట్లో మేము చదవకుండా అనుమానించాం. ఇప్పుడు చదవకుండా ఒప్పుకుంటున్నాం. ఇది నమ్మకమో, తీరిక లేకపోవడమో నాకు తెలియడం లేదు. పిల్ల చేతికి కొంగు ముక్క ఇవ్వాలని ఈ కాగితాల్లో ఎక్కడా లేదన్నది మాత్రం తెలుసు, ఎందుకంటే నేను చదివాను. ఒడ్డున ఆ కుర్రాడు చూపించిన వాటిలో ఒక్కదాన్నీ తీసిన చోట పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగే పిల్లా లేదు.

తిరిగి వచ్చిన రెండో రోజు, భాగ్య ఉతికిన బట్టలు మడత పెడుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. పెట్టె, పాల కేంద్రం, గొలుసుకట్టు రాత, కల అన్న అబద్ధం, అన్నీ. అది మడతలు ఆపలేదు. ఇంకో చొక్కా అందుకుంటూ అడిగింది.

"నీళ్లంటే భయం లేదని రాసినాదా? నా గురించేనా?"

"నీ గురించే. ముందుగా పరిగెత్తేది నువ్వేనని."

చేతిలోని చొక్కాను ఒళ్లో పెట్టుకుంది. నా వైపు తిరగలేదు.

"ఇంకేం రాసినాదమ్మా?"

కింద చాలా ఉందని, అవ్వ దగ్గేసరికి నోటుబుక్కు మూసేశానని, అంతకు మించి చదవలేదని చెప్పాను. అప్పుడు తిరిగి నా ముఖంలోకి చూసింది, మా అత్త కొత్తవాళ్లను చూసినట్టు.

"నిజం చెప్పమ్మా" అంది.

నిజమే చెప్పాను. మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. ఈ వారంలో ఇంకో రెండుసార్లు అడిగింది. నమ్మినట్టు లేదు.